కారు మొగమునకు కవచము



మన చౌటుప్పల ప్రాంతపు పల్లెలలో కారు గల ఇండ్లను వ్రేళ్లమీద లెక్కించిన దినములు నేనెఱుగుదును. ఇప్పుడు ప్రతి వాడకును ఒకటి రెండు కార్లున్నవి. కొందఱు భూమి యమ్మి కొనిరి. కొందఱు పట్టణములో నుద్యోగము చేయు కుమారుని జీతముమీద అప్పు తెచ్చి కొనిరి. ఇంత ద్రవ్యము వెచ్చించి తెచ్చిన బండికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు త్రొక్కించి, దృష్టి తీయుట మానము. అయినను ఏడాది తిరుగునప్పటికి దాని మొగము మశూచికపు మచ్చలు పడినట్లగుచున్నది. ఇది దృష్టిదోషము కాదు, రాతి దెబ్బ. నేటి ప్రసంగమునకు విషయము ఇదియే.

హైదరాబాదునుండి విజయవాడకు బోవు జాతీయ రహదారి, పూర్వము 9వ సంఖ్యతోను ఇప్పుడు 65వ సంఖ్యతోను పిలువబడునది, మన యూరి నడుమనుండి సాగుచున్నది. దానిమీద కంకర టిప్పర్లు, సిమెంటు లారీలు రేయింబవళ్లు తిరుగును. లారీ వెనుక చక్రములు జంటగా నుండును గదా. ఆ జంట నడుమ ఇఱుకుకొనిన రాయి, చక్రము వేగముగా తిరిగినపుడు వడిసెలనుండి విడివడినట్లు వెనుకకు లేచును. మూత లేని టిప్పరునుండి జాఱిన కంకర మఱియొక బాధ. ఇంకొక మర్మము కలదు. అనేక పర్యాయములు రాయి వచ్చి కారును కొట్టదు. కారే పోయి గాలిలోని రాతిని కొట్టును. అందుచేత దెబ్బ యొక్క బలము మన వేగముమీద నాధారపడియుండును. వేగము రెట్టింపైనచో తాకిడి నాలుగింతలగును. 100 కిలోమీటరుల వేగమున తగిలిన దెబ్బను 100 పాళ్లుగా నెంచినచో 80 కిలోమీటరుల వేగమున అది 64 పాళ్లు మాత్రమే. ఎదురుగా వచ్చు బండ్లు లేపిన రాతియందు రెండు వేగములును కలియును. చౌటుప్పలనుండి నారాయణపురము పోవు త్రోవవంటి వానిలో నడుమ దిమ్మె లేని చోట్ల దీనిని మఱువరాదు.

కావున మొదటి కవచము ఖర్చు లేనిది: దూరము. ముందు లారీ ఒక గుర్తును దాటిన పిమ్మట మూడు క్షణములు గడచిన గాని మన బండి ఆ గుర్తును చేరకుండునట్లు చూచుకొనవలయును. 80 కిలోమీటరుల వేగమున ఇది ఇంచుమించు 67 మీటరులు. క్రొత్తగా తారు పోసి సన్నకంకర చల్లిన బాటమీద బండిని నెమ్మదిగా నడపవలయును. ఈ మాట ఇంటి పెద్ద చెప్పిన కుఱ్ఱవాండ్రు వినకపోవచ్చును. బానెటుకు మరల రంగు వేయించుటకగు ఖర్చు చెప్పినచో విందురు.

కారు రంగు మనము తలుపులకు వేయు రంగువంటిది కాదు. ఇనుప రేకుమీద మొదట త్రుప్పు నాపు పూత, దానిపై మట్టముచేయు పూత, దానిపై రంగు, అన్నిటికి పైన పారదర్శకమగు మెఱుగు పూత ఉండును. ఇవి యన్నియు కలిసినను మందము 100 నుండి 150 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రెండు తలవెండ్రుకలను ఒకదానిపై నొకటి పెట్టిన యంత మాత్రమే! దెబ్బ పైపూతతో ఆగినచో అందము మాత్రమే పోవును. రేకు కనబడినచో వానకాలమున నీరు చేరి, త్రుప్పు పూత క్రిందనుండి ప్రాకును. బంపరు నేటి కార్లలో ప్లాస్టిక్కుది గనుక దానికి త్రుప్పు భయము లేదు. బానెటు విషయమే చూచుకొనవలయును.

ఇక మనవారు చేయు నుపాయములలో మొదటిది బండి ముందు ఇనుప కమ్ముల గార్డు బిగించుట. పూర్వము రథములకును ఇట్టి రక్షణ యుండెడిది. అమరకోశములో దానికి వరూథమను పేరు కలదు. ఆ మాట నాకు ప్రియమైనదే గాని, నేటి కారుకు ఆ వరూథము పనికిరాదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, ఈ గార్డులు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు విరుద్ధములనియు, వానిని బిగించినవారిపై చర్య తీసికొనవలయుననియు రాష్ట్రములకు వ్రాసెను. కారు ముందుభాగము గ్రుద్దుకొనినపుడు నలిగి, ఆ తాకిడిని తానే మ్రింగి, లోని మనుష్యులను కాపాడునట్లు నిర్మింపబడినది. ఇనుప గార్డు ఆ దెబ్బను తిన్నగా చట్రమునకు చేర్చును. గాలిసంచులు తెఱచుకొనవలసిన సమయమును తప్పించును. అడ్డు వచ్చిన పాదచారికి దానివలన ప్రాణాపాయము. పైగా ఆ కమ్ముల సందులనుండి రాళ్లు నిరాటంకముగా పోయి బానెటును కొట్టుచునే యుండును.

తోలు ముసుగు తొడిగెడివారు కొందఱు. దాని క్రింద దుమ్ము చేరి, తేమ నిలిచి, గాలికి అది అదరుచు రంగును ఱాచివేయును. దూరప్రయాణమునకు తొడిగి, ఇల్లు చేరగనే తీసినచో కొంత మేలు.

నిజమైన కవచము పాలియురెథేను పొర. 1960లలో వియత్నాం యుద్ధకాలమున అమెరికా సైన్యము హెలికాప్టరు రెక్కల అంచులను ఇసుకనుండి, రాళ్లనుండి కాపాడుటకు ఇట్టి పొరను వాడెను. 150 నుండి 200 మైక్రానుల మందము గల ఈ పారదర్శకపు పొర, రాతి దెబ్బకు రబ్బరువలె లొంగి మరల మట్టమగును. సన్నని గీతలు ఎండవేడికి మాసిపోవును గాని, కోసుకొనిపోయిన గాటు మానదు. బండి యంతటికి వేయించుట శ్రీమంతుల పని. బంపరు, బానెటు ముందంచు, హెడ్‌లైట్లు, అద్దముల వెనుకచిప్పలు, వీనికి మాత్రము వేయించిన చాలును. సిరామిక్ పూత అని దుకాణములవారు చెప్పునది వేఱు. అది నీటిని, మురికిని నిలువనీయదు. మిక్కిలి పలుచనిది గనుక రాతినాపదు. రెండింటిని ఒకటిగా నెంచి డబ్బు చెల్లింపకుడు.

బంపరు జాలి వెనుక ఏ.సీ. కండెన్సరు, దాని వెనుక రేడియేటరు ఉండును. కండెన్సరు పలుచని అల్యూమినియపు రేకులతో చేసినది. చిన్న రాయి గ్రుచ్చుకొనినను అందలి వాయువు పోవును. లోపల ఇనుప జల్లెడ బిగించుట మంచిదే. దోమతెరవంటి సన్నజాలి మాత్రము కూడదు. గాలి ఆడక, వరిపొట్టు నిండి, ఇంజను కాగిపోవును.

ఇప్పుడు మీతో ముఖ్యముగా మనవి చేయవలసిన సంగతి. వానకాలపు పంటకును యాసంగికిని వడ్లు రోడ్లమీద ఆరబోయుదురు. తేమ 17 శాతము మించినచో కొనుగోలు కేంద్రములలో తీసికొనరు, కల్లములు చాలవు, రైతు ఎక్కడకు పోవును? ఆ కష్టము తెలియక నేను తప్పు పట్టుట లేదు. అయితే కుప్ప చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి నల్లని పట్టా కప్పి, వడ్లెత్తిన పిదప ఆ రాళ్లను అక్కడనే విడుచుచున్నారు. వానిపై లారీ చక్రమెక్కిన పగిలి ముక్కలగును; ఆ ముక్కలే మఱునాడు ఒకరి అద్దమునకో, మోటారు సైకిలుమీద పోవు పిల్లవాని కంటికో తగులును. కారు ముందు అద్దము రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్కు పొర పెట్టి చేసినది గనుక పగిలినను రాలదు. మోటారు సైకిలువానికి ఆ యడ్డము లేదు. చీకటిలో ఆ నల్లని కుప్పలకు తగిలి మన జిల్లాలలో ప్రాణములు పోయినవి. రాళ్లకు బదులు ఇసుక నింపిన గోనెసంచులు పెట్టి, తెల్లని గుడ్డ కట్టి, పని ముగిసిన దినమే సంచులు తీయించుట గ్రామపెద్దలు చెప్పిన జరుగును. మూత లేని టిప్పరును ఊరి మొగదలనే ఆపి పట్టా కప్పించుటయు అట్టిదే.

కడుగుటయందును ఒక మాట. దుమ్ముపట్టిన బండిని పాతపంచెతో పొడిగా తుడుచుట, ఇసుకతో తోముటకు సమానము. ముందు నీళ్లు పోసి దుమ్మును జాఱ్చి, పిమ్మట మెత్తని గుడ్డతో కడుగవలయును. రాత్రి ప్రయాణమున అంటుకొనిన పురుగులు, పక్షిరెట్టలు పుల్లని గుణము గలవి. ఎండలో నిలిచినచో పైపూతను తినును. తడిగుడ్డ కొంతసేపు కప్పి నాననిచ్చి తీయవలయును, గోటితో గీకరాదు. తారుచుక్కలకు గుడ్డకొసను కొంచెము కిరసనాయిలు చాలును. వెంటనే సబ్బునీటితో కడిగివేయుడు.

రేకు కనబడిన మచ్చను మాత్రము వానలవఱకు ఉంచకుడు. త్రుప్పున్నచో సన్న గరుకుకాగితముతో ఆ చోటు మాత్రమే గీచి, కడిగి ఆరబెట్టి, మొదట ప్రైమరు, అది ఆరిన పిదప రంగు, దానిపై మెఱుగు, ఒక్కొక్కటి పలుచగా పుల్లమొనతో అద్దవలయును. తెలుపు అని అడిగినచో దుకాణమువాడు పది తెలుపులు చూపును. మన బండి రంగునకు ఒక సంఖ్య కలదు. పెక్కు కార్లలో అది డ్రైవరు తలుపు తెఱచిన చోట కంబముమీదనో, బానెటు క్రిందనో అతికించిన చీటిపై నుండును. దానిని వ్రాసికొని పొండు.