పన్నెండు బిట్ల పొదుపు: పీడీపీ-8 వంశక్రమం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, మేనార్డ్ పట్టణపు పాత ఉన్ని మిల్లులో 1957లో మొదలైన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో పీడీపీ-8 అనే యంత్రాన్ని 18,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. కంప్యూటర్ అంటే లక్షల డాలర్ల ఖర్చు, ప్రత్యేకమైన గది అనుకునే రోజుల్లో, ఒక ప్రయోగశాల గానీ కర్మాగారంలోని ఒక విభాగం గానీ సొంతానికి కొనుక్కోగలిగిన ధర అది. అందుకే 'మినీ కంప్యూటర్' అన్న తరగతికి ఈ యంత్రమే ప్రతినిధిగా నిలిచింది. దీని వంశంలో వచ్చిన నమూనాలన్నీ కలిపి యాభై వేలకు పైగా అమ్ముడయ్యాయి. లోపలి భాగాలు తరం తరానికీ మారినా, మూల ఆదేశాలు మాత్రం మారకపోవడం ఈ వంశంలోని అసలు విశేషం.

ఆ ఆదేశాల స్వరూపాన్ని నిర్ణయించింది పొదుపే. 1963 నాటి పీడీపీ-5 నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం, యంత్రం ఒక్క విడతలో పట్టుకునే సంఖ్య, అంటే 'వర్డ్', 12 బిట్లు మాత్రమే. అందులో మూడు బిట్లు ఆదేశానికి పోగా, మూడు బిట్లతో ఎనిమిది రకాలకు మించి చెప్పడం సాధ్యం కాదు కనుక, మౌలికమైన ఆదేశాలు ఎనిమిదే. వాటిలో కూడిక ఉంది గానీ తీసివేత లేదు. ఏడులోంచి ఐదు తీసివేయాలంటే, ఐదును అక్యుములేటర్ అనే లెక్కల స్థానంలోకి తెచ్చి, దాని బిట్లన్నిటినీ తిరగేసి, ఒకటి కలిపి, ఆపైన ఏడును కూడాలి. అక్కడ మిగిలేది రెండు. తీసివేతకు వేరే సర్క్యూట్ పెట్టే ఖర్చు తప్పించి, ఆ శ్రమను ప్రోగ్రాం రాసేవారి మీదికి నెట్టారన్నమాట.

పొదుపును అతిగా సాగదీస్తే ఏమవుతుందో 1966లో వచ్చిన 8/ఎస్ చూపించింది. బిట్లన్నిటినీ ఒకేసారి కూడే బదులు ఒక్కొక్కటిగా వరుసగా కూడేలా చేసి సర్క్యూట్లను తగ్గించడం వల్ల ధర పదివేల డాలర్ల లోపుకు దిగింది గానీ, మొదటి యంత్రం 3 మైక్రోసెకన్లలో చేసే కూడికకు దీనికి 36 పట్టేది. చవక అన్నమాటే గానీ, వేగం కావలసినవారికి ఇది పనికొచ్చే బేరం కాదు. 1968 నాటి 8/ఐ అసలైన ముందడుగు: విడివిడి ట్రాన్సిస్టర్ల, డయోడ్ల స్థానంలో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు వచ్చాయి. అదే ఏడాది చవక రూపంగా 8/ఎల్ వెలువడింది.

1970 నాటి 8/ఇ ఈ వంశంలో అన్నిటికంటే చక్కగా ఆలోచించి కట్టిన యంత్రం అనవచ్చు. 'ఆమ్నిబస్' అనే ఉమ్మడి తీగల వరుసలోకి ప్రాసెసర్, మెమరీ, పరికరాల బోర్డులను గుచ్చే ఏర్పాటు వల్ల, కొనేవారు అవసరం కొద్దీ యంత్రాన్ని పెంచుకోగలిగారు. ముందు పలకపై మూడేసి చొప్పున రంగులు మార్చిన మీటలు ఉండేవి. టెలిటైప్‌లోని కాగితపు పట్టీ మీది ప్రోగ్రాంను చదివించే చిన్న లోడర్‌ను, అవసరమైనప్పుడు ఆ మీటలతోనే ఒక్కొక్క వర్డుగా మెమరీలోకి ఎక్కించేవారు. అయస్కాంత కణికల కోర్ మెమరీ కరెంటు పోయినా చెరగదు కనుక ఆ శ్రమ రోజూ ఉండేది కాదు. తర్వాతి 8/ఎఫ్, 8/ఎం దీని చిన్న రూపాలే.

12 బిట్ల లెక్క ఈ ఒక్క సంస్థకే పరిమితం కాలేదు; ట్రాంబేలో రూపుదిద్దుకుని హైదరాబాదు ఈసీఐఎల్ పేరుతో ముడిపడిన టీడీసీ-12 కూడా 12 బిట్ల యంత్రమే.

పీడీపీ-8 వంశంలోకి 1970ల మధ్యలో 8/ఏ నమూనాతో సెమీకండక్టర్ మెమరీ వచ్చింది. ప్రాసెసర్ మొత్తాన్ని ఇంటర్‌సిల్ సంస్థ 6100 అనే ఒక్క చిప్‌లో ఇమిడ్చింది. అక్కడే పాత పొదుపు ఒకటి అడ్డుతగిలింది. పీడీపీ-8లో ఒక ఉపప్రోగ్రాంను పిలిస్తే, తిరిగి రావలసిన చిరునామాను యంత్రం ఆ ఉపప్రోగ్రాం మొదటి వర్డులోనే రాసేది. చిప్‌తో కట్టిన యంత్రాల్లో లాగా ప్రోగ్రాంను రాయడానికి వీలుకాని శాశ్వత మెమరీలో పెడితే ఈ పద్ధతి నేరుగా పనిచేయదు. ఉపప్రోగ్రాం తనను తానే పిలుచుకుంటే పాత చిరునామా చెరిగిపోతుంది. ఆఫీసుల్లో ఉత్తరాలు టైపు చేయడానికి 1980లలో అమ్మిన డెక్‌మేట్ యంత్రాల్లోని 6120 చిప్, పాత ఆదేశాలను అలాగే ఉంచి, చిరునామాలను ఒకదానిపై ఒకటి పేర్చి దాచే 'స్టాక్' ఆదేశాలను అదనంగా చేర్చింది.