హోలీరూడ్ సెకండరీ పాఠశాల (గ్లాస్గో)

హోలీరూడ్ సెకండరీ పాఠశాల స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి దక్షిణ భాగంలో, క్రాస్‌హిల్ ప్రాంతంలో ఉన్న రోమన్ కాథలిక్ పాఠశాల. ఇది 1936లో ప్రారంభమైనది. దాదాపు 2,000 మంది విద్యార్థులతో దేశంలోని అతిపెద్ద మాధ్యమిక పాఠశాలలలో ఒకటిగా పేరు పొందినది. హోలీరూడ్ అనగా పవిత్ర శిలువ. ఎడిన్‌బరోలో ఇదే అర్థం గల పేరుతో మరొక కాథలిక్ పాఠశాల కలదు, రెండూ వేరు.

కాథలిక్ పాఠశాల అనగానే చర్చి నడిపే ప్రైవేటు బడి అనుకొనే అవకాశమున్నది. కాని హోలీరూడ్‌ను నడిపేది గ్లాస్గో నగర పాలక మండలి. ఇక్కడ చదువు ఉచితం.

నేపథ్యం

1845లో మొదలైన బంగాళాదుంప తెగులు వలన ఐర్లండులో ఘోరమైన కరువు ఏర్పడినది. వేలాది పేద కుటుంబాలు పని వెదుక్కుంటూ గ్లాస్గో చేరాయి. వీరిలో అధికులు కాథలిక్కులు. స్కాట్లాండు అప్పటికి ప్రధానంగా ప్రెస్బిటేరియన్ దేశం. 1872 విద్యా చట్టం ప్రజలు ఎన్నుకొనే పాఠశాల బోర్డులను ఏర్పరచగా, కాథలిక్కులు వాటిలో చేరక తమ బడులను తామే నిలుపుకొన్నారు. ఫలితంగా వారిపై రెండు భారాలు పడ్డాయి: బోర్డు బడుల కోసం స్థానిక పన్ను, సొంత బడుల కోసం చందాలు. ప్రభుత్వ గ్రాంటు కొంత అందినా స్థానిక పన్ను సొమ్ము వీరి బడులకు చేరలేదు. ఉపాధ్యాయుల జీతాలు తక్కువ, ఉన్నత తరగతులు బహు కొద్ది.

1918 విద్యా చట్టం దీనిని మార్చినది. చర్చి తన పాఠశాలలను స్థానిక విద్యాధికారులకు అమ్మవచ్చు లేదా అద్దెకు ఇవ్వవచ్చు. ఖర్చంతా ప్రజాధనం నుండి వస్తుంది. బదులుగా మతబోధన కొనసాగుతుంది, నియమించే ఉపాధ్యాయుల విశ్వాసాన్ని, నడవడిని చర్చి ఆమోదించాలి. ఈ ఏర్పాటుపై నిరసన చాలాకాలం చల్లారలేదు. దీనిని రద్దు చేయాలని కోరిన స్కాటిష్ ప్రొటెస్టెంట్ లీగ్ 1930ల ఆరంభంలో గ్లాస్గో నగర ఎన్నికలలో కొన్ని స్థానాలు గెలుచుకొన్నది. హోలీరూడ్ తలుపులు తెరచినది ఆ వేడి ఇంకా చల్లారక ముందే.

స్థానిక సమాజం

క్రాస్‌హిల్, దాని పొరుగున ఉన్న గోవన్‌హిల్ 1891లో గ్లాస్గోలో విలీనమయ్యాయి. గోవన్‌హిల్ వలసదారుల పేట. ఐరిష్ వారి తరువాత పాకిస్తాన్ నుండి, 2004 తరువాత స్లొవేకియా, రుమేనియాల నుండి రోమా కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. గ్లాస్గో కాథలిక్ పాఠశాలలలో నేడు ముస్లింలతో సహా ఇతర మతాల పిల్లలు చదువుతున్నారు. తల్లిదండ్రులు కోరితే మతబోధన నుండి పిల్లలను మినహాయిస్తారు.

ఉపాధ్యాయుల ఆమోద నియమం ఉద్యోగావకాశాలలో వివక్ష అని విమర్శకులు, పాఠశాల స్వభావాన్ని కాపాడేది అదేనని సమర్థకులు వాదిస్తారు. ఈ వాదులాటలో ఆ సమాజం పేదరికంలో కట్టుకొన్న భవనాలను అప్పగించిన సంగతి తరచు మరుగున పడుతుంది.

పూర్వ విద్యార్థులు

1968లో యూరోపియన్ కప్పు గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఆటగాడు పాట్ క్రెరాండ్, ట్రావిస్ బృంద గాయకుడు ఫ్రాన్ హీలీ ఇక్కడ చదివారు.