ఇరుగుపొరుగు ఏలుబడి

సొంత యిల్లు కలవాడు తన గడపలోపల తానే రాజని లోకులు తలచెదరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెక్కు పేటలలో ఈ మాట పూర్తిగా చెల్లదు. ఇల్లు తనదే, వాకిలి తనదే. కాని ఆ వాకిలికి ఏ రంగు వేయవలెనో, ముంగిటి పచ్చిక ఎంత ఎత్తు పెరుగవచ్చునో, ఉతికిన బట్టలు ఎచ్చట ఆరవేయరాదో నిర్ణయించునది గృహయజమానుల సంఘము. ఆ పేటలో ఇల్లు కొనుటతోనే మనుష్యుడు సంఘ సభ్యుడగును, చేరననుటకు వీలులేదు. నియమము తప్పినచో జరిమానా. చందా బాకీపడినచో ఇంటినే వేలము వేయించు అధికారము పెక్కు రాష్ట్రములలో సంఘమునకు కలదు.

ఒకరు వ్రాసిన నియమము, దానిపై చేవ్రాలు చేయనివానిని ఎట్లు బంధించును? దీనికి మూలము లండను నగరమున కలదు. అచ్చటి లీసెస్టరు చౌకు నడుమనున్న తోటను 1808లో టల్క్ అను నతడు అమ్మెను. తోటను తోటగానే ఉంచవలెనని దస్తావేజులో షరతు వ్రాయించెను. తోట చేతులు మారి మాక్స్‌హే అను నతనికి వచ్చెను. షరతు ఎరిగియే కొన్న అతడు, తాను ఆ ఒడంబడికలో భాగస్థుడు కాడు గనుక ఇండ్లు కట్టుకొందునని వాదించెను. 1848లో న్యాయస్థానము ఒప్పుకొనలేదు. తెలిసి కొన్నవాడును షరతునకు లోబడవలసినదే ననెను. ఆనాటి నుండి ఒడంబడిక మనిషిని వదలి నేలను పట్టుకొన్నదని చెప్పవచ్చును.

ఈ పట్టు వలన మేలు లేకపోలేదు. న్యూజెర్సీ రాష్ట్రమున 1929లో వెలసిన రాడ్‌బర్న్ అను పేటయందు ఇండ్ల నడుమ విశాలమైన ఉద్యానములు, కాలినడకకు వేరు బాటలు ఏర్పరచిరి. పిల్లలు కారులకు ఎదురుపడకుండ రహదారి క్రిందుగా దాటి పోవుటకు మార్గము కూడ కట్టిరి. వీనిని కాపాడుటకు సంఘము ఏర్పడెను. ఎవరికి తోచినట్లు వారు చందా మానివేసిన యెడల అట్టి తోట ఎన్నాళ్లు నిలుచును?

అదే పట్టు అన్యాయమునకును పనికివచ్చెను. సెయింట్ లూయిస్ నగరమున ఒక వీథిలోని యజమానులు 1911లో ఒడంబడిక చేసికొని, నల్లజాతివారు ఆ యిండ్లలో నివసింపరాదని 50 సంవత్సరముల గడువు వ్రాసికొనిరి. 1945లో షెల్లీ అను నల్లజాతి గృహస్థుడు అందొక యిల్లు కొనెను. ఇరుగుపొరుగు వారు వ్యాజ్యము తెచ్చిరి. ఇట్టి ఒడంబడికను ప్రభుత్వ న్యాయస్థానములు అమలు జరుపుట రాజ్యాంగమునకు విరుద్ధమని 1948లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. జాతిని బట్టి ఇల్లు నిరాకరించుటను చట్టము నిషేధించుటకు మరి 20 ఏండ్లు పట్టెను.

చిన్న విషయములలోను కష్టము తప్పదు. కాలిఫోర్నియాలో 530 గృహములుగల ఒక సముదాయమున నొక స్త్రీ ఇల్లు కొని, తన మూడు పిల్లులతో ప్రవేశించెను. అచ్చట పిల్లులు నిషిద్ధములు. నియమము తాను ఎరుగననియు, పిల్లులు గడప దాటవనియు ఆమె మొరపెట్టుకొనెను. 1994లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము సంఘము పక్షమే వహించెను. అందరును నమ్మి కొన్న నియమమును ఒక్కరి కొరకు సడలింపరాదనుట దాని తర్కము. తర్కము సరియే కావచ్చును. పిల్లుల వలన ఎవరికి హాని కలిగెనో మాత్రము తెలియదు. 2000లో శాసనసభ కలుగజేసికొని, ఇకపై వచ్చు నియమములు కనీసము ఒక్క పెంపుడు జంతువునైన అనుమతింపవలెనని చట్టము చేసెను.

సంఘము కఠినముగా నుండుటయే దోషమని తలచరాదు. మెత్తదనము అంతకంటె ప్రమాదకరము. ఒకే కప్పు క్రింద పెక్కు కుటుంబములుండు భవనములకును ఇట్టి సంఘములే కలవు. మన హైదరాబాదు, విశాఖపట్టణములలోని అపార్టుమెంటు సంఘములు ఈ కోవలోనివే. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ పట్టణమున, 1981లో కట్టిన 12 అంతస్తుల మేడలో ఈతకొలను అడుగున కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లోనే ఇంజనీరు తెలిపెను. మరమ్మతునకు కావలసినంత నిధి సంఘమునకు లేదు. ఇరుగుపొరుగు ఓట్లతో ఎన్నికైన పెద్దలకు వారి చందా పెంచుట సులభమా? వాదములు రేగెను, 2019లో కార్యవర్గ సభ్యులు పెక్కురు రాజీనామా చేసిరి. తుదకు 2021 ఏప్రిల్ నెలలో 1 కోటి 50 లక్షల డాలర్లు వసూలుచేయ నిశ్చయించిరి. ఒక్కొక్క యింటి వంతు 80,000 డాలర్లకు మించెను. చెల్లింపునకు గడువు జూలై 1. జూన్ 24 తెల్లవారుజామున మేడలో సగము కూలి 98 మంది మరణించిరి.

నిర్మాణములోనే లోపము లుండెనని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. అవి సంఘము చేసినవి కావు. అయినను పాత మేడలను నిర్ణీత కాలమున పరీక్షింపవలెననియు, మరమ్మతు నిధిని సభ్యుల ఓటుతో మానుకొనుటకు వీలులేదనియు 2022లో ఫ్లోరిడా ప్రభుత్వము చట్టము చేసెను.