ఒక ఇంజిను ఆగినంత మాత్రాన విమానం కూలిపోదు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు విమాన ప్రయాణం నేడు వింత కాదు. ఉమ్రాకు వెళ్లే పెద్దలు, గల్ఫ్ దేశాల్లో పనిచేసే బిడ్డలు శంషాబాద్‌కో బెంగుళూరుకో చేరి విమానమెక్కుతున్నారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగిన ఘోర ప్రమాదం తరువాత వారిని సాగనంపే తల్లుల గుండెల్లో ఒక భయం నిలిచిపోయింది: ఆకాశంలో ఇంజిను చెడిపోతే ఏమిటి గతి? ఆ భయాన్ని అణచుకోవడం కంటే విషయాన్ని తెలుసుకోవడం మేలని మేము భావిస్తున్నాము.

శంషాబాద్‌లో ఏం జరిగింది?

2024 జూన్ 20న అర్ధరాత్రి దాటిన తరువాత మలేషియా ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 737 విమానం శంషాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు బయలుదేరింది. పైకి లేస్తుండగానే ఒక ఇంజినులో లోపం తలెత్తింది, నిప్పురవ్వలు కనిపించాయి. పైలట్లు విమానాన్ని వెనక్కు మళ్లించి, అదే విమానాశ్రయంలో క్షేమంగా దించారు.

ఇది కేవలం అదృష్టం కాదు. రన్‌వేపై నిర్ణీత వేగం దాటిన తరువాత ఒక ఇంజిను ఆగినా, రెండవదానితోనే పైకి లేచి తిరిగి దిగగలిగేలా ప్రయాణికుల విమానాలను నిర్మిస్తారు.

పైలట్లు ఏం చేస్తారు?

కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి నీరసిస్తే బండి ఆ వైపుకే తిరుగుతుంది. విమానమూ అంతే, ఆగిన ఇంజిను వైపుకు దాని ముక్కు మళ్లుతుంది. పైలట్ కాలితో పెడల్ తొక్కి, తోక మీది చుక్కానిని తిప్పి దానిని సరిచేస్తాడు. ఒకరు విమానం నడుపుతుంటే, మరొకరు చేయవలసిన పనుల జాబితాను చదువుతూ అమలు చేస్తారు. మంట ఉంటే ఆ ఇంజినుకు ఇంధనం ఆపి, మంటలార్పే వాయువును వదులుతారు. ఆ తరువాతే కంట్రోల్ టవర్‌తో మాటలు. బరువు తగ్గడానికి విమానం కొంతసేపు గాలిలోనే చుట్లు తిరగవచ్చు. దానిని చూసి కంగారుపడనవసరం లేదు. ఈ అభ్యాసమంతా పైలట్లు సిమ్యులేటర్‌లో మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటారు.

రెండు ఇంజిన్లూ ఆగడం బహు అరుదు. అప్పుడు కూడా విమానం రాయిలా పడిపోదు. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి సుమారు 150 కిలోమీటర్లు జారుతూ పోగలదు. తక్కువ ఎత్తులో ఉంటే ఆ వెసులుబాటు ఉండదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ శక్తిని కోల్పోయిన విమానాన్ని పైలట్లు హడ్సన్ నదిపై దించారు. అందులోని 155 మందీ బతికారు.

ప్రయాణికుని బాధ్యత

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వేపై కూలి అంటుకుంది. లోపలున్న 300 మందీ బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఒక అగ్నిమాపక ఉద్యోగి మరణించారు. మంటల మధ్య కూడా కొందరు తమ సంచుల కోసం వెతుక్కోవడం వీడియోలో కనిపించింది. సంచి కోసం ఆగిన ఒక్క క్షణం వెనుక ఉన్నవారి ప్రాణం తీయవచ్చు.

అందుకే ఇంట్లో పెద్దలకు ప్రయాణానికి ముందే కొన్ని విషయాలు నేర్పుదాం. కూర్చున్నంతసేపూ బెల్టు ఉండాలి. అత్యవసర ద్వారం ఎన్ని వరుసల దూరంలో ఉందో లెక్కపెట్టుకోవాలి. చీకట్లో, పొగలో ఆ లెక్కే దారి చూపుతుంది. లైఫ్ జాకెట్‌ను విమానం లోపల ఊదకూడదు. దిగమన్నప్పుడు సామాను వదిలేయాలి. సిబ్బంది చెప్పే ఇంగ్లీషు, అరబీ మాటలు మన పెద్దలకు అర్థం కాకపోవచ్చు. కనుక ఉమ్రా బృందాన్ని తీసుకుపోయేవారు ఇవన్నీ తెలుగులోనో దక్కనీలోనో ముందే వివరించాలని మేము కోరుతున్నాము.

ఇంట్లో ఉన్నవారికీ ఒక మాట. వాట్సాప్‌లో వచ్చిన మంటల వీడియోను నిర్ధారించుకోకుండా మరొకరికి పంపడమంటే, ఎక్కడో ఒక తల్లి నిద్ర చెడగొట్టడమే.

దుఆ చేయడం, బెల్టు బిగించుకోవడం ఒకదానికొకటి అడ్డు కావు. చేయవలసింది చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడమే తవక్కుల్.