ఆదిత్య 369: శ్రీహరికోట చెంత కాలయంత్రము

సూళ్లూరుపేటలో చెంగాళమ్మను సేవించి, పులికాట్ సరస్సు నడుమ సాగు బాటను శ్రీహరికోటకు పోవువారికి కాలమనునది క్రొత్త ముచ్చట కాదు. రాకెట్టు ప్రయోగమునాడు వెనుకకు లెక్కింపబడు సెకన్లకై ఊరంతయు డాబాలెక్కి నిలుచుట అచ్చట వాడుకయే. ఆ తీరమునుండి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. సరిగా పదునొకండేండ్లకు, 1991 జూలై 18న, ఈ నెల్లూరు సీమవాడే యైన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ అను కాలయంత్ర చిత్రమును తెలుగువారి ముందుంచెను. దానికి కొనసాగింపుగా ‘ఆదిత్య 999 మ్యాక్స్’ను ఆ చిత్ర కథానాయకుడు బాలకృష్ణ ప్రకటించి, కుమారుడు మోక్షజ్ఞను కథానాయకునిగా పేర్కొనియున్నందున, పాత చిత్రమును నింపాదిగా మరల చూడవలసిన తరుణమిది.

కాలయంత్రమను ఊహకు 1895లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ప్రసిద్ధి కల్పించెను. ఆయన కథలోని యాత్రికుడు భవిష్యత్తునే వెదకుచు పోయెను. సింగీతం మాత్రము ముందుగా మనలను 1526 నాటి విజయనగరమునకు కొనిపోయెను. ఇందే ఆయన ప్రతిభ యంతయు కలదని నా నమ్మకము. తెలుగువానికి గతమనగా తొలుత స్ఫురించునది రాయల సభయే గదా! నేటి యువకుడైన కృష్ణకుమారుగను, శ్రీకృష్ణదేవరాయలుగను బాలకృష్ణయే నటించుటచే, అయిదు శతాబ్దముల దూరము ఒక్క ముఖమున ఇమిడినది. జంధ్యాల సంభాషణలలో రెండు కాలముల తెలుగు ఎదురెదురుగా నిలిచి ఒకదానినొకటి పలుకరించినది. పిదప యంత్రము 2504వ సంవత్సరమున ఆగును. అచ్చట మూడవ ప్రపంచయుద్ధము ముగిసి, నేల విషతుల్యమై, మనుష్యులు భూగర్భమున తలదాచుకొనుచుందురు.

శాస్త్రదృష్టికి ఈ రెండు యాత్రలు సమానములు కావు. గతమునకు పోయినవాడు తన తాతకే హాని చేసినచో తానెట్లు పుట్టెనను చిక్కు నేటికిని విడలేదు. ముందునకు పోవుటకు మాత్రము ఐన్‌స్టీన్ సిద్ధాంతము అడ్డు చెప్పదు: వేగముగా పోవు గడియారము మందగించును, భూమ్యాకర్షణ సన్నగిలినచోట త్వరపడును. ఇరువదివేల కిలోమీటర్లకు పైని ఎత్తున తిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహములలో ఈ రెండింటి ఫలితముగా గడియారములు దినమునకు 38 మైక్రోసెకన్లు ముందునకు జరుగును. సవరింపకున్నచో ఒక్కనాటిలోనే మన జాడ పది కిలోమీటర్ల మేర తప్పును. 2023 మే 29న శ్రీహరికోటనుండి ఎగసిన, అట్లే దారి చూపు మన ఉపగ్రహము ఎన్.వి.ఎస్.-01లో మన దేశమున తయారైన రుబిడియం అణుగడియారము కలదు. ఆనాడు ఆకసమున సాగిన నిప్పుగీత కొనయందు, మన కాలముతో సరిపోలని కాలమున నడచు గడియారమొకటి పోయినదన్నమాట!

అదే సంవత్సరము సెప్టెంబరు 2న సూర్యుని పరిశీలింప ఇచ్చటినుండియే బయలుదేరిన నౌక పేరును ఆదిత్యయే. పాత చిత్రము 2025 ఏప్రిల్‌లో మెరుగుదిద్దుకొని మరల తెరకెక్కెను. క్రొత్త చిత్రమున యంత్రమెంత మెరసినను, రాయల సభలో నేటి యువకుడు నిలిచినప్పటి ఆ విస్మయమునకు సాటివచ్చు ఘట్టమొక్కటైన ఉండవలెనని నా కోరిక.