ప్రెగ్నెన్సీలో బీపీతో పాటు ఆయాసమా? గుండెపై భారం పడుతోందేమో.. ఈ రక్త పరీక్షలు చెప్పేస్తాయి!

విశాఖపట్నం: నెలలు నిండే కొద్దీ కాళ్ల వాపు, ఆయాసం.. "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేలే అమ్మా" అని ఇంట్లో పెద్దవాళ్లు అనేస్తుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ బీపీ కూడా పెరిగితే లెక్క మారిపోతుంది. ఆ ఆయాసానికి కారణం గుండె కూడా కావొచ్చు. ఈ తేడా పట్టుకోవడానికి డాక్టర్లకు సాయపడే రక్త పరీక్షలు రెండున్నాయి. ఒకటి ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ, రెండోది ట్రోపోనిన్. సీతమ్మధార లాంటి ఏరియాల్లో ల్యాబ్‌కి వెళ్లి రక్తం ఇవ్వడం పెద్ద పనేం కాదు. ఆ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలన్నదే అసలు విషయం.

ప్రీఎక్లాంప్సియా అంటే?

ప్రెగ్నెన్సీలో 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే పెరగడం, దాంతో పాటు యూరిన్‌లో ప్రోటీన్ పోవడం లేదా కిడ్నీ, లివర్, ప్లేట్‌లెట్స్ దెబ్బతినడం. ప్రపంచవ్యాప్తంగా ప్రతి 100 గర్భాల్లో 2 నుంచి 8 వరకు ఈ సమస్య కనిపిస్తుంది. బీపీ 160/110కి చేరితే ఎమర్జెన్సీ. ఫిట్స్ కూడా వస్తే అది ఎక్లాంప్సియా.. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది దీన్నే.

గుండెకేంటి సంబంధం?

గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. మామూలుగా అయితే రక్తనాళాలు వదులై దానికి దారిస్తాయి. ప్రీఎక్లాంప్సియాలో మాత్రం మాయ సరిగా పనిచేయక, దాని నుంచి వచ్చే పదార్థాలు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుపోతాయి. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టలేక గుండె కండరం మందంగా, బిరుసుగా మారొచ్చు. పరిస్థితి ముదిరితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.

రక్తంలో ఏం కనిపిస్తుంది?

గుండె గదులు సాగిపోతే బీఎన్‌పీ అనే హార్మోన్ విడుదలవుతుంది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట పంది మెదడులో గుర్తించారు. ఎక్కువగా తయారయ్యేది గుండెలోనే అని తర్వాత తేలింది. దాంతో పాటే విడుదలయ్యే ముక్క ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ. ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల్లో ఇది సాధారణంగా తక్కువగానే ఉంటుంది. ప్రీఎక్లాంప్సియాలో పెరుగుతుంది. ఇక ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రోటీన్. కండరానికి దెబ్బ తగిలితే రక్తంలోకి వస్తుంది.

నంబర్ చూసి కంగారుపడాలా?

వద్దు. కిడ్నీ దెబ్బతిన్నా ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ పెరుగుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో తక్కువగా కనిపించొచ్చు. గర్భిణులందరికీ సరిపోయే ఒకే కటాఫ్ లేదు. అందుకే లక్షణాలు, ఈసీజీ, ఎకో చూశాకే డాక్టర్లు నిర్ణయం తీసుకుంటారు. ప్రతి గర్భిణికీ ఈ టెస్టులు అవసరం లేదు.

డెలివరీతో అయిపోయినట్టేనా?

చాలామంది పొరబడేది ఇక్కడే. డెలివరీ అయిన 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ మళ్లీ పెరగొచ్చు. అప్పటికి చాలామంది డిశ్చార్జ్ అయి ఇంటికి వెళ్లిపోతారు. పెరిపార్టమ్ కార్డియోమయోపతీ అనే గుండె జబ్బు చివరి నెల నుంచి డెలివరీ తర్వాత 5 నెలల వరకు రావొచ్చు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు దీని ముప్పు ఎక్కువ. పురుడుకి వైజాగ్ నుంచి శ్రీకాకుళం, విజయనగరంలోని పుట్టింటికి వెళ్లేవాళ్లు బీపీ రీడింగులు, రిపోర్టులున్న ఫైల్‌ని ఇక్కడే వదిలేయొద్దు. అక్కడి డాక్టర్‌కు ముందు అదే చూపించాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, రాత్రి ఆయాసంతో మెలకువ రావడం, ఛాతీ నొప్పి, గుండె దడ, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, ప్రసూతి విభాగంతో పాటు గుండె డాక్టర్ కూడా ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. విశాఖలో అయితే కేజీహెచ్ ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో పీఎంఎస్‌ఎంఏ కింద గర్భిణులకు ఉచితంగా చెకప్ చేస్తారు. బీపీ అక్కడే చూపించుకోవచ్చు.

ఇంకో విషయం.. ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెండింతలు. పాప స్కూల్‌కి వెళ్లే వయసొచ్చినా సరే, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా "నాకు కాన్పులో బీపీ వచ్చింది" అని చెప్పడం మర్చిపోవద్దు. ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.

(ఇది అవగాహన కోసం మాత్రమే. పరీక్షలు, మందుల విషయంలో మీ డాక్టర్ సలహానే పాటించండి.)