ఓడే జట్టుకి కొత్త కోచ్.. మార్కులెలా వేయాలి?

నష్టాల్లో ఉన్న కంపెనీ. కొత్త బాస్ వచ్చారు, మీకు ఆఫర్ లెటర్ ఇచ్చారు. చేరాలా, వద్దా? అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (కాలితో తన్నే మన ఆట కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది) అభిమానులు కోచ్‌ల విషయంలో ఏటా వేసే లెక్క ఇలాంటిదే.

1987, 88 సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా గెలవని కాన్సస్ స్టేట్ జట్టు 1989లో బిల్ స్నైడర్ చేతికొచ్చింది. తొలి ఏడాది ఒకే గెలుపు, 10 ఓటములు. అది చూస్తే ఫెయిలే! కానీ మరుసటి ఏడాది 5, ఆపై 7 గెలిచారు.

ఇండియానాలో కర్ట్ సిగ్నెట్టి 3 విజయాల జట్టుని 2024లో, తొలి ఏడాదే, 11కి చేర్చారు. స్నైడర్ కంటే గొప్పా? తొందరపడకండి. తన పాత కాలేజీ నుంచి 13 మంది ఆటగాళ్లు వెంట వచ్చారాయనకి. స్నైడర్ రోజుల్లో కాలేజీ మారితే ఏడాది బెంచీయే.

కొలరాడోలో డియాన్ శాండర్స్ 2024లో 9 గెలిచారు. స్టార్లు వెళ్లిపోయాక, 2025లో మూడే!

అందుకే ఇంటర్వ్యూ చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటే మొహమాటపడకండి. పాత టీమ్‌లో ఎవరు మిగిలారో, ఎందుకు మిగిలారో అడిగేయండి.